పెట్టె నడవాలా, లారీ నడవాలా? కంటైనర్ యార్డు గీయించే ముందు వేసుకోవాల్సిన లెక్క

రాత్రి రెండున్నర. కంటైనర్ యార్డులో ఆర్‌టీజీ క్రేన్, అంటే రబ్బరు టైర్ల మీద నడిచే క్రేన్, కింద ఒక ట్రైలర్ వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజిన్ ఆపలేదు. ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనని అతని టెన్షన్. అతనికి కావాల్సిన పెట్టె, అంటే కంటైనర్, అయిదు పెట్టెల దొంతరలో అన్నిటికన్నా అడుగున ఉంది. క్రేన్ ఆపరేటరు పైనున్న నాలుగింటినీ ఒక్కొక్కటిగా ఎత్తి పక్క దొంతరల మీద పెట్టాడు. తర్వాత అయిదోది తీసి ట్రైలర్ మీదికి దించాడు. పది పన్నెండు నిమిషాలు పట్టింది. వెనకాల మరో మూడు ట్రైలర్లు, అన్నీ గుర్రుమంటూనే ఉన్నాయి. తెల్లారాక చూస్తే, పక్కకి జరిపిన ఆ నాలుగింట్లో రెండింటి కోసం లారీలు వచ్చి ఉన్నాయి. అప్పటికే వాటి నెత్తిన వేరే పెట్టెలు ఎక్కి కూర్చున్నాయి.

యార్డులో ఉండేవాళ్లం దీన్ని డెడ్ మూవ్ అంటాం. దానికి ఎవరికీ బిల్లు వేయలేం, డీజిల్ మాత్రం కాలుతుంది. ఆపరేటర్ని తిట్టి లాభం లేదు. ప్లానర్ని తిట్టినా సగమే న్యాయం. మిగతా సగం ఏళ్ల కిందట యార్డు డ్రాయింగు మీద సంతకం పెట్టినవాళ్ల ఖాతాలో పడాలి. బ్లాకులు, అంటే పెట్టెల దొంతరల బారులు, ఎటు తిరగాలి, ఎంత ఎత్తు పేర్చాలి, లారీ ఎటు నుంచి రావాలి అన్నవి అప్పుడే తేలిపోయాయి.

మన తీరంలో మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం పోర్టులు కొత్తగా లేస్తున్నాయి. మొదట్లో బల్క్ సరుకే ఎక్కువ వచ్చినా, కంటైనర్ల మాట ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. లోపలి ఊళ్లలో ఐసీడీ, అంటే తీరానికి దూరంగా ఉండే కంటైనర్ డిపో, పెడదామని జాగాలు చూసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం, పోర్టు ఇంజినీరింగు చదివే పిల్లల కోసం ఈ పోలిక. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఎలక్ట్రిక్ యంత్రం కొన్నంత మాత్రాన యార్డు పచ్చబడిపోదు. పెట్టెను ఎన్నిసార్లు ఎత్తుతున్నాం, ఎంత దూరం మోస్తున్నాం, లారీని ఎంతసేపు నిలబెడుతున్నాం అన్నవే అసలు లెక్క. ఆ మూడూ యంత్రం కొనకముందే, కాగితం మీదే సగం ఖాయమైపోతాయి.

రెండు రకాల గీత

యార్డు గీయడంలో పెద్ద దారులు రెండు. మొదటిది, బ్లాకులను బెర్త్‌కి, అంటే ఓడ ఆగే గట్టుకి, సమాంతరంగా వేయడం. ఏటి గట్టు వెంట వరసగా వీధులు వేసినట్టు ఉంటుంది. పెట్టె ఎక్కడుందో అక్కడికి లారీ వెళ్తుంది. క్రేన్ తన కాళ్ల మధ్య ఉన్న లారీ మీంచి పెట్టెను ఎత్తి, అడ్డంగా జరిపి, దొంతరలో పెడుతుంది. పెట్టెను చేతిలో పట్టుకుని క్రేన్ దూరం నడవదు. విశాఖ, చెన్నై, నవా షెవా, సింగపూర్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండోది, బ్లాకులను బెర్త్‌కి లంబంగా నిలబెట్టడం. బ్లాకు ఒక కొస ఓడ వైపు, రెండో కొస గేటు వైపు. లారీ లోపలికి రాదు. గేటు వైపు కొస దగ్గర వెనక్కి తిప్పి ఆపుతుంది. పట్టాల మీద నడిచే క్రేన్ ఆ పెట్టెను అందుకుని, బ్లాకు పొడవునా మోసుకెళ్లి దాని చోట పెడుతుంది. ఓడ వైపు కొసలో టెర్మినల్ సొంత బండ్లు తిరుగుతాయి. బయటి లారీ, లోపలి బండి జన్మలో ఎదురుపడవు. అందుకే డ్రైవర్ లేని బండ్లు మొదట ఇలాంటి యార్డుల్లోనే సాధ్యమయ్యాయి. రోటర్‌డామ్‌లో డెల్టా టెర్మినల్ 1993లో దీన్ని మొదలుపెట్టింది. హాంబర్గ్‌లో ఆల్టెన్‌వెర్డర్ 2002లో, షాంఘైలో యాంగ్‌షాన్ నాలుగో దశ 2017 డిసెంబరులో అదే బాట పట్టాయి.

ఆల్టెన్‌వెర్డర్‌లో ఒక్కో బ్లాకు మీద రెండు క్రేన్లు, వేరువేరు సైజుల పట్టాల మీద నడుస్తాయి. పెద్దది చిన్నదాని నెత్తి మీదుగా దాటిపోతుంది. ఆ టెర్మినల్ కోసం ఆల్టెన్‌వెర్డర్ అనే ఊరినే ఖాళీ చేయించారు, ఇప్పుడు పాత చర్చి ఒక్కటే మిగిలి ఉంది. 2019లో ఆ టెర్మినల్‌కి కార్బన్ న్యూట్రల్ సర్టిఫికెట్ వచ్చింది. తగ్గించలేకపోయిన ఉద్గారాలను ఆఫ్‌సెట్లు, అంటే వేరేచోట తగ్గించిన ఉద్గారాల పత్రాలు, కొని సరిపెట్టారనీ గుర్తుంచుకోవాలి. బ్రోషర్‌లో ఒక పేజీ చదివి మనవాళ్లు ఎగిరి గంతేస్తుంటారు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది.

ఈ రెండింట్లో దేనికి ఎంత ఖర్చవుతుందో చూద్దాం. సమాంతరం యార్డులో పెట్టె దూరమంతా లారీ మీదే పోతుంది. ముప్ఫై టన్నుల పెట్టెను పది పన్నెండు టన్నుల ట్రాక్టరు, ట్రైలరు లాగుతాయి. లంబం యార్డులో అదే పెట్టె కోసం దానికి ఎన్నో రెట్ల బరువున్న క్రేన్ మొత్తం పరిగెత్తాలి. బ్లాకు పొడవు రెండొందల మీటర్లు దాటడం మామూలే. పట్టాల మీద రాపిడి తక్కువ, కరెంటు మీద నడుస్తుంది, బ్రేక్ వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి ఇస్తుంది, అన్నీ నిజమే. అయినా పనికిరాని బరువును మోయడం మోయడమే.

దానికి తోడు, ఓడ లేని సమయంలో ఈ క్రేన్లు ఖాళీగా ఉండవు. రేపు లారీ ఎక్కాల్సిన దిగుమతి పెట్టెల్ని గేటు కొసకి, ఓడెక్కాల్సిన ఎగుమతి పెట్టెల్ని నీళ్ల కొసకి సర్దుతూ ఉంటాయి. దానికి హౌస్‌కీపింగ్ అని ముద్దుపేరు. అది కూడా డెడ్ మూవే. కాకపోతే లారీని నిలబెట్టి చేసే పని కాదు, డీజిల్ పొగా రాదు. పైగా చీకట్లోనే చేసుకుంటాయి, ఫ్లడ్ లైట్ల అవసరం లేదు. డబ్బూ కరెంటూ ఖర్చుపెట్టి లారీ సమయాన్ని కొనుక్కోవడం అన్నమాట. ఆ బేరం కుదురుతుందా లేదా అన్నది మీ లారీల సంఖ్యను బట్టి ఉంటుంది.

మీ పెట్టెలు ఎటు వెళ్తాయి?

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. యంత్రం ఏది బాగుందని అడుగుతారు గానీ, తమ పెట్టెల్లో ఎన్ని గేటు దాటి బయటికి వెళ్తాయి, ఎన్ని ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కుతాయి అని లెక్క తీయరు.

ట్రాన్స్‌షిప్‌మెంట్ ఎక్కువగా ఉన్నచోట పెట్టెలన్నీ నీళ్ల వైపే వస్తాయి, నీళ్ల వైపే పోతాయి. లంబం యార్డు వేశారనుకోండి, ఓడ వైపు క్రేన్ ఊపిరి సలపకుండా పనిచేస్తుంటే గేటు వైపు క్రేన్ గోళ్లు గిల్లుకుంటూ నిలబడుతుంది. సగం పెట్టుబడి దండగ. సింగపూర్ ఇన్నేళ్లుగా సమాంతరాన్ని వదలకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. అక్కడ దిగే పెట్టెల్లో అత్యధికం మళ్లీ ఓడే ఎక్కుతాయి.

మధ్యేమార్గం ఒకటుంది. పట్టాల మీద నడిచే క్రేనే, కానీ దాని చేతులు కాళ్ల బయటికి చాచి ఉంటాయి. లారీ బ్లాకు పక్కనే ఏ స్థానం దగ్గరైనా ఆగొచ్చు, క్రేన్ పక్కకి చేయి చాపి పెట్టె తీసుకుంటుంది. కాంటిలివర్ ఆర్‌ఎంజీ అంటారు. కరెంటు మీద నడుస్తుంది, ఆటోమేషన్ పెట్టుకోవచ్చు, క్రేన్ పెట్టెతో పాటు దూరాలు పరిగెత్తనక్కర్లేదు. కేరళలో విళింజం పోర్టు ఈ దారే ఎంచుకుంది. ట్రాన్స్‌షిప్‌మెంట్ కోసం కట్టిన ఆ పోర్టును ప్రధాని 2025 మే 2న ప్రారంభించారు. అక్కడ యార్డు క్రేన్లను కంట్రోల్ రూములో కూర్చుని నడుపుతారు, వాళ్లలో స్థానిక మహిళలూ ఉన్నారు. చైనాలో తియాన్‌జిన్ 2021లో ప్రారంభించిన టెర్మినల్‌లో కూడా బ్లాకులు సమాంతరమే, లారీలు పక్క నుంచే వస్తాయి. అక్కడ డ్రైవర్ లేని బండ్లను ఆ దారుల్లోనే తిప్పుతున్నారు. డ్రైవర్ లేని బండ్లకి లంబం యార్డు తప్పనిసరి అన్న పాత మాట అక్కడితో పోయింది. యాంగ్‌షాన్‌లో ఇంకో తెలివి చూపించారు: లంబంగా వేసిన బ్లాకుల్లోనే కొన్నింటికి చేతులు లేని క్రేన్లు, కొన్నింటికి ఒక పక్క చేయి, కొన్నింటికి రెండు పక్కలా. ట్రాన్స్‌షిప్‌మెంట్ పెట్టెలకి ఒకటి, గేటు పెట్టెలకి ఇంకొకటి.

గేటు పెట్టెలే ఎక్కువగా ఉండి, భూమి బంగారమై, జీతాలు ఆకాశంలో ఉన్న చోట లంబం యార్డు తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. ఉత్తర ఐరోపా అలాంటి చోటే. మన తూర్పు తీరం కాదు. ఈ మాట పదేళ్ల తర్వాత మార్చుకోవాల్సి రావొచ్చు, ఈరోజు మాత్రం ఇంతే.

ఎకరానికి ఎన్ని పెట్టెలు

నాలుగు రకాల యంత్రాల్ని తూకం వేసుకుంటే సరిపోతుంది. రీచ్ స్టాకర్, అంటే ముందుకి చేయి చాపి పెట్టెను ఎత్తే బండి, చిన్న యార్డులకి, ఐసీడీలకి, సీఎఫ్ఎస్‌లకి (పోర్టు దగ్గరి సరుకు గోదాములకి). కొనడం తేలిక, ఎక్కడికంటే అక్కడికి తిరుగుతుంది. కానీ నలభై అడుగుల పెట్టె అంటే పన్నెండు మీటర్ల పైచిలుకు. దాన్ని అడ్డంగా పట్టుకుని తిరగాలంటే దారి అంతకంటే వెడల్పు కావాలి. జాగా అంతా దారులకే పోతుంది. ప్లానింగులో వాడే ముతక అంచనా ప్రకారం, నాలుగు ఎత్తు పేర్చినా ఎకరానికి 200 టీఈయూల దగ్గరే ఆగిపోతుంది. టీఈయూ అంటే ఇరవై అడుగుల పెట్టె ఒకటి.

స్ట్రాడిల్ క్యారియర్‌ను మన దగ్గర చూసినవాళ్లు తక్కువ. పొడుగు కాళ్ల బండి, పెట్టెను కాళ్ల మధ్య పట్టుకుని దొంతరల మీదుగా నడిచి వెళ్తుంది. దీని గొప్పతనం వేరు: క్వే క్రేన్, అంటే గట్టు మీద ఓడలోంచి పెట్టెలు తీసే క్రేన్, పెట్టెను నేల మీద దించేసి తన పని తాను చూసుకుంటుంది, లారీ వచ్చిందా లేదా అని ఎదురుచూడదు. ఆ ఎదురుచూపు లేకపోవడమే ఓడ తొందరగా కదలడానికి సగం కారణం. బ్రిస్బేన్, సిడ్నీ టెర్మినళ్లలో వీటిని డ్రైవర్ లేకుండానే నడుపుతున్నారు. మూడు ఎత్తు పేర్చుకుంటే ఎకరానికి 300 దాకా వస్తుంది. మెయింటెనెన్స్ మాత్రం తలనొప్పి, మెకానిక్కులు పక్కనే ఉండాలి.

ఆర్‌టీజీ, అంటే రబ్బరు టైర్ల క్రేన్. ఆరు వరసలు, పక్కన ఒక లారీ దారి, అయిదు ఎత్తు. ఎకరానికి 400 దాకా. ఒక బ్లాకులో పని లేకపోతే చక్రాలు తొంభై డిగ్రీలు తిప్పుకుని ఇంకో బ్లాకుకి వెళ్లిపోతుంది. ఆర్‌ఎంజీ పట్టాల మీదిది, ఇంకా వెడల్పు, ఇంకా దట్టం. కానీ దాని బతుకంతా ఆ బ్లాకులోనే.

ఎకరానికి 400 అనగానే కళ్లు మెరుస్తాయి, నాకు తెలుసు. కొంచెం ఆగండి. ఎత్తు పెరిగితే డెడ్ మూవ్‌లు పెరుగుతాయి. నిండిన అయిదు పెట్టెల దొంతరలోంచి ఏదో ఒకటి కావాలంటే, సగటున దాని మీద రెండు పెట్టెలు ఉంటాయి. మూడు ఎత్తయితే ఒక్కటే. ఇంకో లెక్క: ఆరు వరసలు, అయిదు ఎత్తు అంటే ఒక అడ్డుకోతలో ముప్ఫై చోట్లు. అడుగున ఉన్నదాన్ని తీయాలంటే పైనున్న నాలుగింటిని పెట్టడానికి అక్కడే నాలుగు ఖాళీలు ఉండాలి. అంటే ఇరవై ఆరుకు మించి నింపితే క్రేన్‌కి చేతులు కట్టేసినట్టే. నూటికి 87 నిండగానే యార్డు బిగుసుకుపోతుంది. కాగితం మీద 400 అని రాసినదాన్ని 350 కింద చదువుకోవాలి.

ఇక్కడ ఎగుమతులు, దిగుమతులు ఒకే రకం కావు. ఎగుమతి పెట్టెలు ఏ ఓడకి, ఏ పోర్టుకి, ఎంత బరువు అన్నది ముందే తెలుస్తుంది. ఆ వరసలోనే పేర్చితే పైనుంచి తీసుకుంటూ పోవడమే, అయిదు ఎత్తున్నా నష్టం లేదు. దిగుమతి పెట్టె కోసం లారీ ఎప్పుడొస్తుందో పార్టీకి, కస్టమ్స్‌కి, ఆ దేవుడికే తెలియాలి. నేను చూసిన ఒక యార్డులో జాగా చాలడంలేదని దిగుమతుల్నీ అయిదు ఎత్తు పేర్చారు. పెట్టెలు పట్టాయి, లారీలు పట్టలేదు. గేటు బయట బారు పెరిగిపోయింది. మూడు వారాలకి మళ్లీ మూడు ఎత్తుకి దింపి, ఖాళీ పెట్టెల్ని యార్డు బయటికి పంపితే గానీ ఊపిరి ఆడలేదు. ఎంప్టీలు ఏడెనిమిది ఎత్తు పేర్చుకోవచ్చు, ఏది తీసినా ఒకటే కదా. వాటికి బెర్త్ దగ్గరి ఖరీదైన నేల ఎందుకు?

ఈ చిక్కుకి ఇంకో జవాబు దుబాయ్‌లో జెబెల్ అలీ పోర్టులో ప్రయోగించారు. పుస్తకాల బీరువాలాగా ఎత్తైన ఇనుప అరల్లో 792 చోట్లు, ఏ పెట్టె కావాలంటే అది నేరుగా బయటికి. డెడ్ మూవ్ అన్న మాటే లేదు. ఇనుము ఖర్చు చూస్తే మాత్రం మనకి ఇప్పట్లో అందే పండు కాదు.

రెండొందల మీటర్లు ఏపాటి?

డ్రాయింగులో దిగుమతి బ్లాకును రెండొందల మీటర్లు వెనక్కి జరిపితే ఎవరికీ నొప్పి అనిపించదు. కాగితం మీద అది వేలెడంత. లెక్క కట్టి చూద్దాం.

క్వే క్రేన్ గంటకి 30 పెట్టెలు తీస్తే రెండు నిమిషాలకొకటి. లోపలి లారీ, అంటే ఐటీవీ, పెట్టె తీసుకెళ్లి తిరిగి రావడానికి పది నిమిషాలు పడితే ఒక క్రేన్‌కి అయిదు ఐటీవీలు కావాలి. బ్లాకు రెండొందల మీటర్లు దూరమైతే రాను పోను 400 మీటర్లు ఎక్కువ. యార్డులో గంటకి 20 కిలోమీటర్ల స్పీడంటే అది 72 సెకన్లు. ఒక్కో క్రేన్‌కి సగం పైన ఇంకో బండి. నాలుగు క్రేన్లు పనిచేస్తే రెండు మూడు ఐటీవీలు, మూడు షిఫ్టులకి అంతమంది డ్రైవర్లు. ఏడాదికి మూడు లక్షల పెట్టెలు ఆ దారిన పోతే అదనంగా 1,20,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ మూడుసార్లు తిరిగినంత దూరం, ఒక్క ప్రహరీ లోపల.

అందుకే దారి ఒకే దిక్కుగా తిరగాలి, ఎదురు మలుపులు ఉండకూడదు, ఓడ ఆగే చోటుకి ఎదురుగానే దాని ఎగుమతి బ్లాకు పడాలి. ఖర్చు లేని పర్యావరణ పథకాలు ఇవే. ఫలకం వేసి ప్రారంభించడానికి ఏమీ ఉండదు కాబట్టి వీటిని ఎవరూ పట్టించుకోరు.

కరెంటు పెట్టగానే పచ్చనా?

ఆర్‌టీజీలను డీజిల్ నుంచి కరెంటుకి మార్చడం ఇప్పుడు అందరి నోటా ఉన్న మాట. నేనూ సమర్థిస్తాను, కానీ కారణం వేరు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. జనరేటరు దాంట్లోంచి మూడున్నర యూనిట్ల కరెంటు తీస్తుందనుకుందాం. అంటే యూనిట్‌కి 0.77 కిలోలు. మన గ్రిడ్ కరెంటు ఇప్పటికీ ఎక్కువగా బొగ్గుదే, యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు. తేడా పెద్దగా లేదు కదా!

మరి లాభం ఎక్కడ? డీజిల్ ఆర్‌టీజీ లారీ కోసం ఎదురుచూసేటప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. కరెంటుది ఆ సమయంలో దాదాపు ఏమీ తినదు. పెట్టెను కిందికి దించేటప్పుడు వచ్చే శక్తి కరెంటుగా వెనక్కి వెళ్లి, పక్క క్రేన్ ఎత్తడానికి పనికొస్తుంది. పొగ, రొద ఆపరేటరు చెవులకీ ఊపిరితిత్తులకీ దూరమవుతాయి. పైగా క్రేన్ ఇరవై ఏళ్ల పైన బతుకుతుంది, ఆలోగా గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ అదే క్రేన్ ఏటికేడాది శుభ్రపడుతుంది. డీజిల్ ఇంజిన్‌కి ఆ భాగ్యం లేదు.

చిక్కు ఏమిటంటే, కేబుల్ రీల్ (క్రేన్‌తో పాటు చుట్టుకుంటూ విప్పుకుంటూ వచ్చే తీగ) పెట్టినా బస్ బార్ (బ్లాకు వెంట వేసే కరెంటు కడ్డీ) పెట్టినా ఆర్‌టీజీ ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి వెళ్లడం కష్టమవుతుంది. ప్లగ్ పీకాలి, చిన్న ఇంజిన్ మీదో బ్యాటరీ మీదో నడవాలి, మళ్లీ తగిలించాలి. బస్ బార్ అయితే బ్లాకు పొడవునా ఇనుప కంచెలాగా ఉంటుంది, లారీలు మధ్యలో అడ్డం దాటలేవు. కాబట్టి క్రేన్ తిరిగే చోట్లు, కేబుల్ కాలవలు, సబ్ స్టేషన్లు మొదటి రోజే డ్రాయింగులో ఉండాలి. యార్డు నడుస్తుండగా కాంక్రీటు తవ్వి కేబుల్ వేసే పని ఒకసారి చూశాను. పెళ్లింట్లో నేల మార్బుల్ మార్చినట్టు ఉంటుంది.

ఓడలకి రేవులో కరెంటు ఇచ్చే ఏర్పాటూ అంతే. రేవులో ఆగి ఉన్న ఓడ తన ఇంజిన్లు ఆపేసి మన కరెంటు వాడుకోవాలంటే 6.6 కిలోవోల్టుల లైను కావాలి. మనది 50 హెర్ట్జ్, చాలా ఓడలది 60, దానికి కన్వర్టర్ కావాలి. అవన్నీ ఇప్పుడే కొనక్కర్లేదు. బెర్త్ అంచున ఒక కాలవ, వెనక ఒక గది జాగా వదిలితే చాలు.

మరిచిపోయి తర్వాత నాలుక కరుచుకునేవి

గేటు. చెన్నై పోర్టు బయట ట్రైలర్ల బారులు ఏళ్ల తరబడి వార్తల్లో నలిగాయి. ఊరి మధ్యలో పోర్టు ఉండడం ఒక కారణం, లారీ ఆగి కాగితాలు చూపించుకునే జాగా లోపల లేకపోవడం ఇంకొకటి. ఆ పొగ టెర్మినల్ లెక్కలో రాదు, చుట్టుపక్కల ఇళ్లలోకి పోతుంది. గేటుకి ముందే పార్కింగు, అక్కడే కాగితాల పరిశీలన, లారీకి ముందుగా టైమ్ స్లాట్. స్లాట్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది: ఏ పెట్టె ఎప్పుడు పోతుందో ముందే తెలిస్తే డెడ్ మూవ్‌లు తగ్గుతాయి.

రైలు. మన కంటైనర్ రేక్, అంటే పూర్తి గూడ్సు రైలు, 45 వ్యాగన్లు, 90 టీఈయూలు. లైను పొడవు దాదాపు 700 మీటర్లు కావాలి. జాగా లేదని 350 మీటర్ల లైన్లు రెండు వేస్తే రేక్‌ను విరగ్గొట్టి, షంటింగ్ చేసి, మళ్లీ అతికించాలి. అది గంటల పని. తొంభై పెట్టెలు రైలెక్కితే ఆ మేరకు ట్రైలర్లు రోడ్డు మీద తగ్గుతాయి కాబట్టి, పర్యావరణం పేరు చెప్పి డబ్బు ఖర్చుపెట్టాలనుకుంటే నేను మొదట పెట్టేది ఈ 700 మీటర్ల లైను మీదే.

నేల. డెల్టా ప్రాంతంలో మెత్తటి బంకమట్టి, అది కుంగుతుంది. పట్టాల క్రేన్‌కి పట్టాలు మిల్లీమీటర్ల లెక్కన సమంగా ఉండాలి. మచిలీపట్నంలాంటి చోట ఆర్‌ఎంజీ అంటే కింద పైల్స్ వేసుకుంటూ పోవాలి, ఆ సిమెంటుకి కార్బన్ లెక్క ఎవరు రాస్తారు? ఆర్‌టీజీకి చక్రాలు నడిచే దారుల వరకు గట్టి కాంక్రీటు వేసి, పెట్టెలు కూర్చునే చోట మూలలకి మాత్రం దిమ్మెలు కట్టి, మధ్యలో కంకర పోసి వదలొచ్చు. కుంగితే కంకర మళ్లీ పోసుకోవచ్చు. వాన నీరు కూడా కొంత ఇంకుతుంది.

గాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఎలా ఊడ్చేసిందో మనకి వేరే చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే క్రేన్లను కట్టేయాలి, ఖాళీ పెట్టెల ఎత్తు దించాలి. క్రేన్ ఎక్కడ కట్టేస్తారో అక్కడ నేలలో కొక్కేలు ముందే పాతి ఉండాలి. ఐరోపా డ్రాయింగును తెచ్చి పేరు మార్చి ఇస్తే అందులో ఇవి ఉండవు.

ఇక రీఫర్లు, అంటే చల్లదనం ఉంచే కంటైనర్లు. మన తీరానికి ఇది ప్రాణం, రొయ్యల ఎగుమతి అంతా వీటిలోనే. ప్రతి రీఫర్‌కి ప్లగ్ కావాలి, మనిషి వెళ్లి తగిలించి, టెంపరేచర్ చూసి రావాలి. పేర్చిన రీఫర్ల దగ్గరికి ఎక్కి వెళ్లడానికి ఇనుప మెట్ల ర్యాకులు ఉండాలి. ర్యాకు పెట్టిన చోట బ్లాకు ఇంక కదలదు. వాటిని పడమటి ఎండకి నిలబెట్టకండి. నీడ ఉంటే కంప్రెసర్లు తక్కువ తిరుగుతాయి. ఇది డ్రాయింగులో దిక్కు మార్చడంతో వచ్చే ఆదా.

సరే, ఏది తీసుకోవాలి?

ఐసీడీ అయితే, రోజుకి వంద రెండొందల పెట్టెలు మించకపోతే, రీచ్ స్టాకర్లు చాలు. డబ్బు మిగిలితే రైల్వే లైను పొడవు పెంచండి. రేక్‌లు రోజుకి రెండు మూడు దాటాక ఆ లైను మీదుగా పట్టాల క్రేన్ గురించి ఆలోచించొచ్చు.

విశాఖ ఔటర్ హార్బర్‌లాగా ముందు నీళ్లు, వెనక ఊరు ఉండి, నేల పెరిగే ఆశ లేనిచోట ఆర్‌టీజీ, సమాంతరం బ్లాకులు. దిగుమతులు మూడు ఎత్తు, ఎగుమతులు అయిదు, ఎంప్టీలు బయట. కరెంటుకి మార్చండి, కానీ ముందు స్లాట్ బుకింగు పెట్టండి. అది నెలల్లో ఫలితమిస్తుంది, క్రేన్ మార్చడానికి ఏళ్లు పడుతుంది.

కొత్త పోర్టు, ఖాళీ నేల, ఎన్ని పెట్టెలొస్తాయో నమ్మకం లేదు: ఇక్కడ ఆటోమేషన్ జోలికి పోవద్దు. సమాంతరం గీసి, మొదటి దశకి కరెంటు ఆర్‌టీజీలు పెట్టి, రెండో దశ బ్లాకుల వెడల్పును రేపు కాంటిలివర్ క్రేన్లకి సరిపోయేలా వదిలిపెట్టండి. డెల్టా మట్టి అయితే రెండో దశ నేల మీద ఇప్పటినుంచే బరువు పోసి కుంగనివ్వండి, అప్పటికి గట్టిపడుతుంది.

ట్రాన్స్‌షిప్‌మెంటే ప్రధానమైతే విళింజం దారి. గేటు సరుకు ఏడాదికి పది లక్షల టీఈయూలు దాటి, పక్కన ఎకరం దొరకక, డ్రైవర్లు దొరకక ఇబ్బందిపడే రోజొస్తే లంబం యార్డు బేరం చూడండి. అప్పుడు కూడా బ్లాకు మీద రెండు క్రేన్లలో ఒకటి పాడైతే ఆ రోజు ఏం చేస్తారని కంపెనీవాళ్లని అడగండి. ఆర్‌టీజీ పాడైతే పక్కది వచ్చి సాయం చేస్తుంది, ఇక్కడ అలా రాదు.

చివరికి కన్సల్టెంటు రంగుల డ్రాయింగు తెచ్చి బల్ల మీద పరిచినప్పుడు ఒక పని చేయించండి. చేతికి పెన్సిల్ ఇచ్చి, భీమవరం నుంచి వచ్చిన ఒక రొయ్యల రీఫర్‌ను గేటు దగ్గర్నుంచి ఓడెక్కేదాకా గీయమనండి. ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ ప్లగ్ తగిలిస్తారు, ఎవరెవరు ఎత్తుతారు, ఏ మలుపులో ఎదురుగా ఇంకో లారీ వస్తుంది, అన్నీ. తర్వాత అదే ఓడ దిగిన ఒక దిగుమతి పెట్టెను వెనక్కి గేటు దాకా గీయమనండి. రెండు గీతలు ఎన్నిచోట్ల ఒకదాన్నొకటి దాటుకున్నాయో లెక్కపెట్టి, ఆ అంకె డ్రాయింగు మూలన రాయించి, అప్పుడు క్రేన్ల ధర అడగండి.